విజయపాత్రల శిల్పం

ఉద్దేశం

క్రీడాపోటీలలో విజేతలకు బహూకరించే వెండి కప్పుల వెనుక ఉన్న లోహశిల్పాన్ని పరిచయం చేయడం, పాతవస్తువును బాగుచేయడానికి నేర్పుతోపాటు వివేకం కూడా ఎంత అవసరమో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

గెలుపు కంటికి కనిపించేది కాదు. దానికొక రూపమిచ్చి విజేత చేతికి అందించాలన్న కోరిక మానవునికి ప్రాచీనకాలం నుండి ఉన్నది. గ్రీకులు ఒలింపియా క్రీడలలో గెలిచినవారి శిరస్సున ఆలివ్ కొమ్మలతో అల్లిన కిరీటం ఉంచేవారు. ఏథెన్సు నగరపు పోటీలలో నూనె నింపిన చిత్రిత మృణ్మయపాత్రలను బహూకరించేవారు. ఆకు వాడిపోయేది, మట్టి పగిలిపోయేది. కాలక్రమంలో ఆ స్థానాన్ని వెండి ఆక్రమించింది. నేడు ఫుట్‌బాల్ పోటీ అనగానే విజేతల నాయకుడు రెండు చేతులా పైకెత్తిపట్టిన వెండి కప్పు మన కన్నుల ముందు మెదలుతుంది.

అయితే వెండి కూడా శాశ్వతమైనది కాదు. అది సొట్టపడుతుంది, నల్లబారుతుంది, అరిగిపోతుంది. దొంగల చేతిలో పడితే కరిగి ఆనవాలు లేకుండా పోతుంది. ఇటువంటి లోహంతో చేసిన పాత్ర నూరేళ్లకు పైగా ఒక పోటీకి ప్రతీకగా ఎట్లా నిలుస్తున్నది? ఆ కప్పును చేసిన శిల్పులు, దానిని బాగుచేసిన శిల్పులు, కాలం తీరినప్పుడు దానికి ప్రతిరూపాన్ని నిర్మించిన శిల్పులు ఈ ప్రశ్నకు సమాధానం. మైదానంలో వారి పేర్లు ఎవరూ పిలవరు. కాని వారి పని లేనిదే ఆ విజయోత్సవానికి నిండుతనం లేదు.

వెండి – దాని స్వభావం

స్వచ్ఛమైన వెండి చాలా మెత్తనిది. దానితో పెద్ద పాత్రను చేస్తే చేతి ఒత్తిడికే ఆకారం చెడుతుంది. అందువల్ల వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగిలిన 75 పాళ్లు సాధారణంగా రాగి ఉండేటట్లు మిశ్రమాన్ని తయారుచేస్తారు. దీనికి స్టెర్లింగ్ వెండి అని పేరు. రాగి చేరినందువల్ల వెండికి గట్టిదనం కలుగుతుంది. కాని ఆ రాగి వల్లనే ఒక చిక్కు కూడా కలుగుతుంది. లోహాన్ని కాచినప్పుడు గాలిలోని ప్రాణవాయువు పై పొరను దాటి లోపలికి చొచ్చుకొనిపోయి రాగితో కలుస్తుంది. అప్పుడు ఊదారంగు మచ్చ ఒకటి ఏర్పడుతుంది. ఎంత మెరుగు పెట్టినా అది నీడ వలె కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి మంటను ఎంత పెట్టాలో, ఎప్పుడు తీయాలో తెలియడం వెండిపనిలో మొదటి పాఠం.

కొనేవాడు కంటితో చూసి వెండి నాణ్యతను పోల్చుకోలేడు. అందుకే ప్రభుత్వ గుర్తింపు పొందిన కేంద్రాలలో లోహాన్ని పరీక్షించి ముద్ర వేసే ఏర్పాటు వచ్చింది. ఇంగ్లండులో 1773లో బర్మింగ్‌హామ్, షెఫీల్డ్ నగరాలకు ఇటువంటి పరీక్షాకేంద్రాలు లభించాయి. బర్మింగ్‌హామ్ కేంద్రానికి లంగరు, లండన్ కేంద్రానికి చిరుతపులి తల గుర్తులు. ఒక పాత కప్పు అడుగున ఉన్న ఈ చిన్న ముద్రలను చదివి దానిని ఎవరు చేశారో, ఎక్కడ పరీక్షించారో నిపుణులు చెప్పగలుగుతారు. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ వెండి వస్తువులకు హాల్‌మార్క్ ముద్రను 2005లో ప్రవేశపెట్టింది.

కప్పు రూపొందే విధం

కప్పు నిర్మాణం కాగితంపై గీసిన చిత్రంతో మొదలవుతుంది. ఎత్తు, వెడల్పు, పిడుల వంపు, మూత, పీఠం మొదలైనవన్నీ ముందుగా కొలతలతో నిర్ణయిస్తారు. గెలిచినవాడు దానిని పైకెత్తవలసి ఉంటుంది కాబట్టి చేతికి పట్టు దొరకాలి. దూరాన కూర్చున్న ప్రేక్షకునికి కూడా ఆకారం స్పష్టంగా కనిపించాలి.

తరువాత వెండి రేకును గుండ్రంగా కత్తిరిస్తారు. దానిని ఇనుప దాగలిపై ఉంచి సుత్తితో వలయాలు వలయాలుగా కొడుతూ క్రమంగా గిన్నె ఆకారానికి తెస్తారు. సుత్తిదెబ్బలు తగిలేకొద్దీ వెండి బిరుసెక్కుతుంది. అట్లాగే కొడుతూ పోతే చీలిపోతుంది. అందువల్ల మధ్యమధ్య దానిని సుమారు 600 నుండి 650 డిగ్రీల సెల్సియస్ వరకు కాచి మెత్తబరుస్తారు. ఆ వేడిని శిల్పి కంటితోనే గుర్తిస్తాడు. వెండి మసక ఎరుపురంగుకు తిరగడమే దానికి గుర్తు. పట్టపగటి వెలుగులో ఆ ఎరుపు కనిపించదు కాబట్టి ఈ పనిని వెలుతురు తక్కువగా ఉన్న మూలలో చేస్తారు. కాచిన లోహాన్ని చల్లార్చి, నీరు కలిపిన ఆమ్లంలో ముంచి పైన పట్టిన మసిని పోగొడతారు. మళ్లీ కొట్టడం, మళ్లీ కాచడం. ఒక్క గిన్నె సిద్ధం కావడానికి ఈ వరుస ఎన్నోసార్లు సాగుతుంది.

ఇప్పుడు చాలాచోట్ల లేతు యంత్రం సాయంతో కూడా గిన్నెను చేస్తున్నారు. కప్పు ఆకారంలో చేసిన దిమ్మెను, వెండి రేకును కలిపి వేగంగా తిప్పుతూ, పొడవైన పనిముట్టుతో రేకును దిమ్మెకు అదుముతారు. పని త్వరగా ముగుస్తుంది. అయినప్పటికీ ఎంత బలంతో అదమాలో చెప్పేది పనివాని చేతి అనుభవమే. ఒత్తిడి ఎక్కువైతే రేకు పలుచబడి చిరుగుతుంది. తక్కువైతే ముడతలు పడుతుంది.

పిడులు, మూతపై ఉండే బొమ్మ వంటి భాగాలను పోతపోసి చేస్తారు. మైనంతో నమూనా చేసి దాని చుట్టూ సుద్దవంటి ముద్దను పోసి గట్టిపడనిస్తారు. వేడిచేయగా మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన వెండిని పోస్తారు. చోళుల కాలపు కంచు విగ్రహాలను పోతపోసినది కూడా మైనపు నమూనాతోనే.

ఇక భాగాలన్నింటినీ అతకాలి. ఇందుకు వెండికంటె తక్కువ వేడికి కరిగే టంకాన్ని వాడుతారు. అతుకు చక్కగా పాకడానికి వెలిగారం పూస్తారు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. రెండవ అతుకు కోసం మంట పెట్టినప్పుడు మొదటి అతుకు కరిగి ఊడిపోయే ప్రమాదం ఉంటుంది. కాబట్టి శిల్పులు వేర్వేరు వేడిమికి కరిగే టంకాలను సిద్ధంగా ఉంచుకొంటారు. మొదటి అతుకుకు ఎక్కువ వేడికి కరిగేదానిని, తరువాతి వాటికి క్రమంగా తక్కువ వేడికి కరిగేవాటిని ఉపయోగిస్తారు. ఏ భాగాన్ని ముందు అతకాలో తెలియకపోతే ఎన్నో దినాల శ్రమ ఒక్క క్షణంలో వ్యర్థమవుతుంది.

చివరిది నగిషీ పని. గిన్నెలో తారువంటి పదార్థాన్ని కరిగించి పోసి చల్లారనిస్తారు. అది లోపలినుండి ఆధారమిస్తుండగా శిల్పి మొద్దు ఉలులతో పైనుండి మెల్లగా తడుతూ తీగలను, పూలను తీరుస్తాడు. మన కంసాలులు ఇదే పనికి లక్కను వాడుతారు. ఆపై మెరుగు పెట్టి, పీఠానికి వెండి పట్టీ బిగించి కప్పును పూర్తిచేస్తారు. విజేతల పేర్లు ఏటేటా చెక్కేది ఆ పట్టీపైననే.

ఒక కప్పు – ఐదు జన్మలు

ఈ శిల్పం విలువ తెలియడానికి ఇంగ్లండులోని ఎఫ్.ఎ. కప్పు చరిత్ర చక్కని నిదర్శనం. ఆ దేశపు ఫుట్‌బాల్ అసోసియేషన్ నిర్వహించే ఈ పోటీ తొలి అంతిమపోరు 1872 మార్చి 16న లండన్‌లోని ఓవల్ మైదానంలో జరిగింది. వాండరర్స్ జట్టు రాయల్ ఇంజనీర్స్ జట్టును ఒక్క గోలుతో ఓడించింది. వారికి బహూకరించిన కప్పును మార్టిన్, హాల్ అండ్ కంపెనీ తయారుచేసింది. దాని ఖరీదు సుమారు 20 పౌండ్లు. ఆకారంలో చిన్నది కావడంతో జనం దానిని ‘చిన్న తగరపు బొమ్మ’ అని ముద్దుగా పిలుచుకొన్నారు.

1895లో ఆస్టన్ విల్లా జట్టు ఆ కప్పును గెలుచుకొన్నది. బర్మింగ్‌హామ్‌లోని ఒక దుకాణపు అద్దాల కిటికీలో దానిని ప్రదర్శనకు ఉంచారు. సెప్టెంబరు 11వ తేదీ రాత్రి అది దొంగతనానికి గురైంది. మళ్లీ ఎన్నడూ దొరకలేదు. దానిని తానే దొంగిలించి దొంగనాణేల కోసం కరిగించానని 1958లో ఒక వృద్ధుడు పత్రికకు చెప్పాడు గాని, ఆ మాటకు రుజువు లేదు. కప్పును భద్రపరచలేకపోయినందుకు ఆస్టన్ విల్లాకు 25 పౌండ్ల జరిమానా పడింది.

వస్తువు పోయింది. రూపం మాత్రం పోలేదు. 1893లో ఆ కప్పు గెలిచిన వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్ జట్టు ఆటగాళ్లకు జ్ఞాపికలుగా దాని చిన్న నమూనాలను ఇచ్చి ఉన్నారు. ఆ నమూనాల ఆధారంగా బర్మింగ్‌హామ్‌లోని వాటన్ సంస్థ రెండవ కప్పును అచ్చంగా మొదటిదాని వలెనే నిర్మించింది. ఆ సంస్థకు చెందిన హోవార్డ్ వాటన్ 1887లో ఆస్టన్ విల్లా తరఫున ఆడి ఇదే కప్పును గెలిచినవాడు కావడం విశేషం. ఆటగాడుగా అందుకొన్న పాత్రకు అతని సంస్థ చేతనే పునర్జన్మ కలిగింది.

రెండవ కప్పు 1910 వరకు వాడుకలో ఉన్నది. దాని నమూనాపై ఎవరికీ హక్కు నమోదు కాలేదు. 1909లో గెలిచిన మాంచెస్టర్ యునైటెడ్ వారు దానికి నకలు చేయించుకొన్న తరువాత, కొత్త రూపం అవసరమని అసోసియేషన్ భావించింది. పాత కప్పును తన అధ్యక్షుడైన లార్డ్ కినైర్డ్‌కు బహూకరించింది. 1911లో బ్రాడ్‌ఫర్డ్ నగరంలోని ఫట్టోరిని అండ్ సన్స్ సంస్థ ద్రాక్షతీగలు, ద్రాక్షగుత్తులు చెక్కిన మూడవ కప్పును రూపొందించింది. ఆ ఏడాది దానిని గెలిచినది కూడా బ్రాడ్‌ఫర్డ్ సిటీ జట్టే.

ఎనిమిది దశాబ్దాలు చేతులు మారిన ఆ కప్పు క్రమంగా బలహీనపడింది. 1992లో దానికి విశ్రాంతినిచ్చి అదే రూపంలో మరొక కప్పు చేయించారు. అదీ అరిగిపోగా 2014లో లండన్‌లోని థామస్ లైట్ సంస్థ ఇంకొకటి నిర్మించింది. దాదాపు 6.3 కిలోల బరువున్న ఈ కప్పు ముందటిదానికంటె దృఢమైనది. పాత్రలు మారినా రూపాలను లెక్కిస్తే రెండే. అందుకే ఎన్ని కప్పులు మారినా జనానికి అది ఎఫ్.ఎ. కప్పు గానే నిలిచింది.

బాగుచేయడంలోని వివేకం

కొత్త కప్పు చేయడం కంటె పాత కప్పును బాగుచేయడం కష్టతరం. కొత్తపనిలో శిల్పి తన ఇష్టానుసారం సాగవచ్చు. పాతపనిలో అతడు మరొక శిల్పి ఉద్దేశానికి కట్టుబడి ఉండాలి.

వెండి నల్లబారడానికి గాలిలోని గంధక సమ్మేళనాలు కారణం. అవి వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అనే నల్లని పొరను ఏర్పరుస్తాయి. దానిని రుద్ది పోగొట్టినప్పుడల్లా ఆ పొరలో చేరిన వెండి కూడా పోతుంది. రుద్దుడుపొడి గరుకైనదైతే కింది వెండి కూడా అరుగుతుంది. ఒకసారి రుద్దితే నష్టం కంటికి కనిపించదు. ఏటేటా రుద్దితే చెక్కిన అక్షరాల అంచులు మొద్దుబారతాయి, పూరేకుల గీతలు మాసిపోతాయి, చివరకు పేర్లే చదవలేనంతగా అరిగిపోతాయి. కప్పు మెరవాలన్న తాపత్రయం, ఆ కప్పు ఎవరిని స్మరించడానికి పుట్టిందో వారి పేర్లనే చెరిపివేస్తుంది. ఈ వైరుధ్యాన్ని ఎరిగిన నిపుణుడు అవసరమైనంత మేరకే శుభ్రం చేస్తాడు. నగిషీ సందులలో మిగిలిన కొద్దిపాటి నలుపును అతడు దోషంగా భావించడు. చెక్కిన రేఖలను స్పష్టంగా చూపేది ఆ నలుపే.

సొట్ట తీయడం మరొక నేర్పు. గిన్నె మెడ ఇరుకుగా ఉంటే సుత్తి లోపలికి పోదు. అప్పుడు వంపుతిరిగిన పొడవాటి ఇనుపకడ్డీ ఒక కొనను పట్టుకారులో బిగించి, రెండవ కొనను కప్పు లోపల సొట్టకు ఆనిస్తారు. బిగించిన వైపు కడ్డీపై సుత్తితో కొడితే ఆ అదురు రెండవ కొనకు చేరి సొట్టను లోపలినుండి పైకి నెడుతుంది. శిల్పి కొట్టేది ఒకచోట, పని జరిగేది మరొకచోట.

అన్నింటికంటె అపాయకరమైనది పూర్వం ఎవరో తెలియక చేసిన మరమ్మతు. విరిగిన పిడిని సీసం కలిసిన టంకంతో అతికి ఉంటే, ఆ సంగతి గుర్తించకుండా మంట పెట్టినప్పుడు సీసం వెండిలోకి చొచ్చుకొనిపోయి రంధ్రాలు చేస్తుంది. అందుచేత నిపుణుడు ముందుగా పాత అతుకులన్నింటినీ పరిశీలించి, సీసాన్ని పూర్తిగా తొలగించిన తరువాతనే మంట వెలిగిస్తాడు. తొందరపడి చేసిన మేలు కీడుగా పరిణమిస్తుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

కొన్నిసార్లు మరమ్మతుకు అవకాశమే ఉండదు. 2011 ఏప్రిల్‌లో స్పెయిన్ రాజు పేరిట జరిగే కోపా డెల్ రే పోటీలో రియల్ మాడ్రిడ్ గెలిచింది. ఊరేగింపులో ఆటగాడు సెర్గియో రామోస్ చేతి నుండి జారిన కప్పు బస్సు చక్రాల కిందపడి ఛిద్రమైంది. దాని స్థానంలో ప్రతిరూపాన్ని ఉంచవలసి వచ్చింది.

ప్రతిరూపం అసలుకు సమానమా అనే ప్రశ్న ఇక్కడ పుడుతుంది. చరిత్రకారుని దృష్టిలో కాదు. 1896 నాటి రెండవ ఎఫ్.ఎ. కప్పు 2020లో జరిగిన వేలంలో 7,60,000 పౌండ్లకు అమ్ముడుపోయింది. అది అందులోని వెండికి పలికిన వెల కాదు, ఆనాటి చేతులు తాకిన పాత్ర అన్నందుకు పలికిన వెల. కాని ఆటగాని దృష్టిలో నేడు తన చేతికి అందినదే అసలు కప్పు. ఈ రెండు దృష్టులూ సత్యమే. పాతదానిని భద్రపరచి కొత్తదానిని మైదానానికి పంపడం ద్వారా రెండింటికీ న్యాయం చేయవచ్చు.

మన దేశంలో

భారతదేశానికి ఈ విషయంతో దగ్గరి సంబంధం ఉన్నది. 1888లో సిమ్లాలో ప్రారంభమైన డ్యూరాండ్ పోటీ ఆసియాఖండంలో అత్యంత ప్రాచీనమైన ఫుట్‌బాల్ పోటీగా ప్రసిద్ధి చెందింది. దీని విజేతకు మూడు బహుమతులు లభిస్తాయి. వాటిలో డ్యూరాండ్ కప్పు, సిమ్లా ట్రోఫీ ఏటేటా చేతులు మారుతాయి. రాష్ట్రపతి కప్పు విజేత వద్దనే ఉండిపోతుంది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో రాటుదేలిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950వ దశకంలో డ్యూరాండ్ కప్పును మూడుసార్లు గెలిచింది. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో మరొకసారి గెలిచింది. ముంబయిలో జరిగిన రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు కైవసం చేసుకొన్నది. ఆ ఆటగాళ్లను చూసినవారు నేడు అరుదు. వారి విజయాలను రాబోయే తరాలకు చూపగలిగిన వస్తువులలో ఆ కప్పులు ముఖ్యమైనవి.

సన్నని వెండితీగతో అల్లే కరీంనగర్ ఫిలిగ్రీ వంటి పనితనం తెలుగునేలపై నేటికీ సజీవంగా ఉన్నది. పాఠశాలల్లో, కళాశాలల్లో, క్రీడాసంఘాలలో బీరువాల అడుగున నల్లబారి పడి ఉన్న పాత కప్పులు ఎన్నో ఉంటాయి. వాటిని గరుకుపొడితో రుద్దడానికి ముందు వాటిపై ఉన్న పేర్లను చదివి ఒక పుస్తకంలో రాసి ఉంచడం, ఫొటో తీయడం, అన్నివైపులా కొలతలు నమోదు చేయడం ఎవరైనా చేయదగిన పని. బర్మింగ్‌హామ్‌లో పోయిన కప్పు తిరిగి రూపుదాల్చినది, దాని ఆకృతిని ఎవరో ముందుగానే చిన్న వెండి నమూనాలలో భద్రపరచినందువల్లనే కదా!

పదాలు – అర్థాలు

మృణ్మయపాత్ర : మట్టితో చేసిన పాత్ర
దాగలి : లోహాన్ని ఉంచి కొట్టే ఇనుప దిమ్మె
టంకం : లోహపు ముక్కలను అతికే లోహమిశ్రమం
వెలిగారం : అతుకు పాకడానికి పూసే క్షారం
నగిషీ : లోహంపై చేసే అలంకారపు చెక్కడం
లంగరు : ఓడను కదలకుండా నిలిపే ఇనుప కొక్కెం
ప్రతిరూపం : అసలును పోలిన నకలు
వైరుధ్యం : పరస్పర విరోధం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. వెండి కప్పును తయారుచేసే విధానాన్ని వివరించండి.
2. పాత వెండి కప్పులను బాగుచేయడంలో పాటించవలసిన జాగ్రత్తలను తెలపండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. స్టెర్లింగ్ వెండిలో రాగిని ఎందుకు కలుపుతారు? దానివల్ల కలిగే చిక్కు ఏమిటి?
2. దొంగతనానికి గురైన ఎఫ్.ఎ. కప్పుకు ప్రతిరూపం ఎట్లా సాధ్యమైంది?
3. ‘కప్పు మెరవాలన్న తాపత్రయం పేర్లనే చెరిపివేస్తుంది’ – దీనిని సమర్థించండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. బర్మింగ్‌హామ్ పరీక్షాకేంద్రం గుర్తు ఏది?
2. డ్యూరాండ్ పోటీ ఏ సంవత్సరంలో, ఎక్కడ ప్రారంభమైంది?